ఆ మంచి లాయరు ఎక్కడుంటారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కిందటి నెల ఆదివారం అనుబంధంలో విడాకుల మీద ఒక వ్యాసం వేశారు. అమ్మానాన్నలు విడిపోతుంటే మధ్యలో పిల్లలు ఎలా నలిగిపోతారో బాగానే రాశారు. చివరికొచ్చేసరికి ‘పిల్లల కస్టడీ విషయంలో మంచి లాయరును సంప్రదించాలి’ అని ఒక్క ముక్కలో ముగించారు. నేను ఆ ముక్క దగ్గరే ఆగిపోయానండి. ఆ మంచి లాయరు కోసం గుంటూరులో, విజయవాడలో నేను దాదాపు ఏడు నెలలు తిరిగాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, మన్నించండి. చోటు చాలక కోసేయాల్సి వస్తే నా సొంత గోడు కోసేయండి గానీ, కింద రాసిన ఉచిత న్యాయసాయం నంబరు 15100 మాత్రం ఉంచండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను. మా అమ్మాయిని విజయవాడ ఇచ్చాం. పటమట వైపు ఇల్లు. ఏడేళ్లకు ఇద్దరికీ పడలేదు. ఎవరి తప్పు ఎంతో ఇక్కడ రాయను. రాస్తే మా వైపే రాస్తాను, ఆడపిల్ల తండ్రిని కదా. అమ్మాయి పాపను తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. పాపను ఇక్కడే యూకేజీలో చేర్చాం, తర్వాత ఒకటో తరగతి. ఆ ఏడు దసరా సెలవులకు వాళ్ల నాన్న వచ్చి, నాలుగు రోజులు ఉంచుకుని పంపిస్తానని తీసుకెళ్లాడు. (అల్లుడు అనే మాట ఇప్పుడు వాడొచ్చో లేదో తెలియక ‘వాళ్ల నాన్న’ అంటున్నాను.) సెలవులయ్యాయి, స్కూలు తెరిచారు, పాప రాలేదు. ఫోన్ చేస్తే ‘ఇక్కడే చదువుకుంటుంది లెండి’ అన్నారు.

ఆ వారం మా ఇంటికి రాని చుట్టం లేడు. వచ్చినవాళ్లంతా ఒకటే మాట. ‘ఆడపిల్ల కదా, కోర్టు తల్లికే ఇచ్చేస్తుంది, మీరెందుకు టెన్షన్ పడతారు?’ నేనూ అదే నమ్మాను. చట్టంలో అలా లేదని తర్వాత తెలిసింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని ఉంది. మా పాపకు అప్పటికి ఆరు నిండాయి. అయిదు దాటాక తల్లికని గానీ తండ్రికని గానీ రాసిపెట్టి లేదు. బిడ్డకు ఏది మంచిదో అదే ముఖ్యం అంటుంది ఆ చట్టం 13వ సెక్షను. అంటే బిడ్డకు ఏది మంచిదో జడ్జి ముందు ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలి. లాయరు అవసరం పడేది అక్కడే.

మొదటి లాయరు పేరు మాకు జిరాక్స్ షాపులో దొరికింది. నవ్వకండి. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని, వాళ్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ నిబంధన. పెళ్లి హాలుకు ప్రకటన ఉంటుంది, పంటి డాక్టరుకు బోర్డు ఉంటుంది, ఫలానా లాయరు పిల్లల కేసులు బాగా చూస్తారని ఎక్కడా ఉండదు. ఇక మాలాంటి వాళ్లకు దిక్కు జిరాక్స్ అబ్బాయి, స్టాంపు వెండరు, తెలిసిన కానిస్టేబులు. ఎవరికి ఎవరి దగ్గర ఏం ముడుతుందో మనకు తెలియదు. కమీషన్ కొట్లో బతికినవాణ్ణి, ఆ మాత్రం అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆయన ఆఫీసు పెద్దది. అద్దాల బీరువా నిండా లావుపాటి పుస్తకాలు. గంట సేపు మాట్లాడారు. అబ్బాయి పేరున ఏముంది, ఫ్లాటు ఎవరి పేరున ఉంది, మీరు ఎన్ని కాసులు పెట్టారు, పొలం ఏమైనా రాశారా. అన్నీ రాసుకున్నారు. పాప పేరు మాత్రం అడగలేదు. నేనే గుర్తు చేస్తే, ‘ముందు 498ఏ పెడదామండీ, పాప దానంతట అదే వస్తుంది’ అన్నారు. (భర్త, అత్తింటివాళ్లు వేధించారని పెట్టే క్రిమినల్ కేసు అది. ఇప్పుడు దాన్ని కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అంటున్నారు.) ‘నన్ను ఎవరూ కొట్టలేదు, వేధించలేదు, అబద్ధం కేసు పెట్టను’ అంది మా అమ్మాయి. సరే, పాప కోసమే పిటిషన్ వేద్దామన్నారు. నలభై వేలు ఇప్పుడు, పాప ఇంటికి వచ్చాక లక్ష. ‘నాదీ గ్యారంటీ’ అన్నారు. సరుకు చేరాక డబ్బు అంటే యార్డు పద్ధతే కదా అని నేను లోపల సంతోషపడ్డాను కూడా. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం లాయర్లకు నిషిద్ధమని, గ్యారంటీ అనే మాట వినగానే కుర్చీలోంచి లేచి రావాల్సిందని నాకు అప్పుడు తెలియదు.

తర్వాత అయిదు నెలలు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆయన గుమాస్తా ‘వాయిదా పడిందండీ, మీరు రానక్కర్లేదు’ అనేవాడు. తెలిసిన ఒక టీచరమ్మ ఫోనులో ఈ-కోర్ట్స్ యాప్ చూపించింది. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుందట, అది కొడితే వాయిదా ఎప్పుడో, గత వాయిదాలో ఏం జరిగిందో వచ్చేస్తుందట. మా నంబరు ఇవ్వమంటే గుమాస్తా ఇవ్వలేదు. పేర్లతో వెతికితే ఏమీ రాలేదు. కోర్టుకు వెళ్లి వాకబు చేస్తే తెలిసింది, అసలు కేసుకు నంబరే పడలేదు. లోపాలున్నాయని కాగితాలు రెండుసార్లు రిటర్న్ అయ్యాయి. పుట్టిన సర్టిఫికెట్ జత చేయలేదు. పాప ఇంతకుముందు ఎక్కడ ఉండేదో, ఎక్కడ చదివేదో సరిగ్గా రాయలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుందో ఆ ఊరి కోర్టులోనే ఈ పిటిషన్ వేయాలి. మా పాప ఏడాది పైగా గుంటూరులో చదివిందన్న ఒక్క వాక్యం, స్కూలు ఫీజు రసీదులు ఉంటే సరిపోయేది. పడని నంబరుకు మేం అయిదు నెలలు వాయిదాలు లెక్కపెట్టాం.

ఈలోగా పాప విజయవాడలో కొత్త స్కూలుకు అలవాటు పడింది. కుదురుకున్న బిడ్డను కదిలించాలంటే ఏ జడ్జి అయినా ఆలోచిస్తారు. ఇది నాకు యార్డులో ఎవరూ నేర్పలేదు. అక్కడ సరుకు గోడౌన్లో ఎన్నాళ్లున్నా మనదే.

రెండో ఆయన విజయవాడ గవర్నరుపేటలో. మా తోడల్లుడు చెప్పాడు. ఆ ముచ్చట త్వరగా ముగిసింది. ‘వీడియో కాల్‌లో పాప ఏడుస్తున్నప్పుడు రికార్డు చేయండి. నాన్న కొట్టాడని ఒక మాట అనిపించండి చాలు’ అన్నారు. అనిపించండట. తిరుగు బస్సులో అమ్మాయి మంగళగిరి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అప్పుడు అంది, ‘నాన్నా, దాని చేత అబద్ధం ఆడించి తెచ్చుకుంటే, రేపు అది నా దగ్గర కూడా ఆడుతుంది.’

ఇక నాకు తెలిసిన పద్ధతిలోకి దిగాను. మిర్చి కొనేవాడు టిక్కీ (మిర్చి బస్తాను అలా అంటాం) మూతి దగ్గర కాయ చూసి ధర కట్టడు. అక్కడ ఎప్పుడూ మంచి కాయే ఉంటుంది. లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. తాలు ఎంతుందో అప్పుడు తెలుస్తుంది. అలాగే నేను టిఫిన్ డబ్బా, మంచినీళ్ల సీసా పట్టుకుని నాలుగు రోజులు గుంటూరు ఫ్యామిలీ కోర్టు వరండాలో కూర్చున్నాను. లోపల జరిగేది బయటివాళ్లు చూడటానికి లేదు. చూడక్కర్లేదు కూడా, అంతా వరండాలోనే కనిపిస్తుంది. ఏ లాయరు క్లయింటుతో వాయిదాకు ముందే మాట్లాడుతున్నారు, ఏ లాయరు గౌను తగిలించుకుంటూ పరుగున వచ్చి ‘మీ పేరేంటమ్మా’ అని అడుగుతున్నారు, ఎవరు జూనియర్ని పంపి వాయిదా తెప్పిస్తున్నారు. ముఖ్యంగా పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు ఎవరు ఏం మాట్లాడుతున్నారు.

మూడో రోజు ఒక లాయరమ్మను చూశాను. యాభై ఉంటాయి. ఒకామె బాబును పక్కన కూర్చోబెట్టుకుని భర్తను తిడుతోంది. ఈవిడ వచ్చి, ‘బాబును అమ్మమ్మతో కిందికి పంపండి, అప్పటిదాకా నేను ఒక్క మాట కూడా మాట్లాడను’ అంది. పంపేదాకా అలాగే నిలబడింది. మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాను.

ఆవిడ ఆఫీసు బ్రాడీపేటలో, చిన్న గది. అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న పాప టీకాల కార్డు ఎవరి దగ్గరుంది అని. తర్వాత, జ్వరం వస్తే ఏ డాక్టరు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు ఎవరు వెళ్లేవారు. వీటన్నిటికీ అమ్మాయి గబగబా చెప్పేసింది. చివర్న ‘వాళ్ల నాన్న దగ్గర పాపకు ఏమిష్టం?’ అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. మన లాయరా, వాళ్ల లాయరా? అమ్మాయి చాలాసేపు నేల చూపులు చూసి, ‘సాయంత్రం బండి మీద ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లి నీళ్లు చూపిస్తాడండీ, అదంటే దానికి ప్రాణం’ అంది. చెప్పి ఏడ్చింది. ‘ఇది కూడా పిటిషన్లో రాద్దాం’ అంది లాయరమ్మ. నేను అడ్డుపడ్డాను. ‘బాబాయిగారూ, తండ్రిలో మంచి కూడా రాసిన తల్లి చెబితే, మిగతాది జడ్జి గారు నమ్ముతారు’ అంది.

ఫీజు అరవై వేలన్నది. మూడు విడతలుగా, దేనికి ఎంతో కాగితం మీద రాసిచ్చింది. పాప వస్తుందని మాత్రం చెప్పలేదు. ‘ఏం జరగొచ్చో చెప్పగలను, ఏం జరుగుతుందో చెప్పలేను’ అంది. ఆ నలభై వేల ఆయన దగ్గర మా కాగితాల కట్ట ఉండిపోయింది. ఇంకో పదిహేను వేలు కడితేగానీ ఇవ్వమన్నారు. ఫీజు బాకీ ఉందని లాయరు క్లయింటు ఫైలు పట్టి ఉంచకూడదని సుప్రీంకోర్టు 2000లోనే తీర్పు ఇచ్చిందట. లాయరమ్మ ఒక ఫోన్ చేసింది. రెండో రోజుకు కట్ట వచ్చింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేద్దామన్నాను. ‘ముందు పాప సంగతి చూద్దాం నాన్నా’ అంది అమ్మాయి. అక్కడితో ఊరుకున్నాను గానీ ఆ నలభై వేలు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి.

ఆవిడ అసలు పిటిషన్‌తో పాటే ఒక ఐఏ, అంటే మధ్యంతర అర్జీ, వేసింది. కేసు తేలేలోగా తల్లి పాపను చూసుకోవడానికి తాత్కాలికంగా ఉత్తర్వు ఇవ్వమని. ఇది మొదటి రోజే వేయొచ్చట. మాకు ఎవరు చెప్పారు? ఆ ఉత్తర్వు వచ్చిన శనివారం, ఆరు నెలలు దాటాక, అమ్మాయి పాప జడ వేసింది.

అవతలి లాయరు గట్టిగానే వాదించారు. తండ్రే సహజ సంరక్షకుడు, ఆయన తర్వాతే తల్లి అని చట్టంలో ఉందన్నారు. ఉంది నిజమే. అయితే గీతా హరిహరన్, రిజర్వు బ్యాంకు కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ ‘తర్వాత’ అంటే తండ్రి పోయాక అని కాదని చెప్పింది. మా లాయరమ్మ ఆ తీర్పు చూపించింది గానీ ఎక్కువ సేపు దాని మీద నిలబడలేదు. టీకాల కార్డు, స్కూలు డైరీల మీదే నిలబడింది. కోర్టు కౌన్సెలింగుకు పంపింది. జడ్జి గారు పాపను ఒక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడారు. బిడ్డ తెలిసి చెప్పగల వయసులో ఉంటే ఆ ఇష్టాన్ని కూడా చూడొచ్చని చట్టంలో ఉందట. ఏం అడిగారని పాపను అడగొద్దని లాయరమ్మ ముందే మా చేత మాట తీసుకుంది. పాపే చెప్పింది, ‘తాతయ్యా, జడ్జి ఆంటీ టేబుల్ మీద గాజు బిళ్లలో పువ్వుంది’ అని. ఇంతవరకు మాకు తెలిసింది అంతే.

చివరికి రాజీ కుదిరింది. విద్యాసంవత్సరం మధ్యలో కదిలించొద్దని పాపను ఆ ఏడు విజయవాడలోనే ఉంచారు. శని, ఆదివారాలు మా దగ్గర. తర్వాతి జూన్ నుంచి గుంటూరులో తల్లి దగ్గర చదువు. నెలలో రెండు శని, ఆదివారాలు, వేసవి సెలవుల్లో సగం వాళ్ల నాన్న దగ్గర. మిగతా రోజుల్లో సాయంత్రం వీడియో కాల్. దగ్గర లేని తల్లికో తండ్రికో బిడ్డతో అలా మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పిందట. విడాకులు ఇద్దరి ఒప్పందంతోనే అయ్యాయి. పాపను ఇచ్చిపుచ్చుకునేది మంగళగిరిలో, ఒక టిఫిన్ హోటలు ముందు. గుంటూరు నుంచి నేను, విజయవాడ నుంచి ఆ తాతగారు. మాజీ అల్లుడు అంటారు గానీ మాజీ వియ్యంకుడు అనే మాట తెలుగులో ఉన్నట్టు లేదు. ఆయన పాప నీళ్ల సీసా ప్రతిసారీ నిండుగా నింపి తెస్తాడు. మేం పెద్దగా మాట్లాడుకోం. కాఫీ మాత్రం తాగుతాం.

ఇప్పుడు 15100 సంగతి. కోర్టు వరండాలో నా పక్కన పొన్నూరు వైపు నుంచి ఒక పూలమ్మే ఆవిడ కూర్చునేది, కూతురి కేసు కోసం. ‘మీకెంత తీసుకున్నారు?’ అని నేనే అడిగాను. ‘ఏమీ లేదయ్యా, న్యాయసేవ వాళ్లిచ్చిన లాయరు’ అంది. తెల్లకార్డు వాళ్లకేమో అనుకున్నాను. కాదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేదు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు కూడా. మా అమ్మాయికీ ఉచితంగా లాయరును ఇచ్చేవారు. అర్జీ పెట్టుకోవాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇంకో సంగతి, ఫ్యామిలీ కోర్టుల చట్టంలో లాయరును పెట్టుకోవడం హక్కుగా కూడా రాయలేదు. కోర్టు అనుమతితోనే లాయరు వస్తారు. మన గోడు మనమే చెప్పుకోవచ్చు. ఇదంతా తెలిసేసరికి మేం రెండో విడత కూడా కట్టేశాం. ఆ లాయరమ్మకు ఇచ్చిన డబ్బు గురించి నాకు బాధ లేదు. కానీ పుస్తెలతాడు తాకట్టు పెట్టి మొదటి ఆయనలాంటి వాళ్ల చేతిలో పోసేవాళ్లను ఆ నాలుగు రోజుల్లోనే ముగ్గురిని చూశాను.

కాబట్టి మీకు నా మనవి. వారానికోసారి మీ జిల్లా పేజీలో అగ్గిపెట్టెంత బాక్సు కట్టి, ఈ నంబరూ, మీకు ఉచిత లాయరు వస్తారో లేదో తెలుసుకోండి అన్న ముక్కా వేయండి. లాయరు ప్రకటన వేయకూడదు గానీ ఇది వేయొచ్చు కదా. బార్ అసోసియేషన్ పెద్దలు కూడా మీ పేపరు చదువుతారు. కోర్టు గేటు బయట, జిరాక్స్ షాపుల వరసలోనే, అదే నంబరుతో ఒక బోర్డు పెట్టించమని వాళ్లను అడుగుతున్నాను. లోపలి బోర్డు కనపడేసరికి మాలాంటివాళ్లు అప్పటికే బయట ఎవరికో కేసు అప్పగించే వకాల్తా మీద సంతకం పెట్టేసి ఉంటారు.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు, మా అమ్మాయి పేరు వేయొద్దు. పాప ఇప్పుడు మూడో తరగతి. పొద్దున్నే నా పక్కన కూర్చుని, మీ పేపర్లో పెద్దక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది.

ఇట్లు,
ఒక తాత,
గుంటూరు